చింతపండుతో తోమిన నంబరు

ఆయుధ పూజ నాడు మా నాయన కారుకు కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, హారతి ఇచ్చాక ఇంకొక పని చేసేవాడు. ఇత్తడి బిందెలో నుంచి చెంబెడు నీళ్లు ముంచుకొని షెడ్డు వాకిట్లోకి వచ్చి, పడమర దిక్కు తిరిగి నేల మీద పోసేవాడు. మంత్రం లేదు, దండం లేదు. పోసి, ఖాళీ చెంబు పట్టుకొని కాసేపు అట్లాగే నిలబడేవాడు.

సూర్యుడికి నీళ్లు వదిలేది తూర్పుకు. పెద్దలకు వదిలేది దక్షిణానికి. ఈ పడమటి నీళ్లు ఎవరికి? చిన్నప్పుడు ఒకసారి అడిగాను. "నీకెందుకురా" అన్నాడు. ఆయన పోయాక ఇరవై రెండేళ్లుగా ఆ పని నేను చేస్తున్నాను. ఎవరికో తెలియకుండా పోసే నీళ్లు ఎవరికైనా చేరుతాయా అన్న అనుమానం ఏటా ఆ చెంబుతోపాటు నా చేతిలోకి వస్తుంది. స్వామికి తెలుసులే అని సరిపెట్టుకుంటాను.

ఆ గురువారం సాయంత్రం అటువంటి అనుమానాలకు మా ఇంట్లో తావు లేదు. రవాణా ఆఫీసు ఇన్‌స్పెక్టరు వచ్చి పోయి రెండు గంటలైంది. సువర్ణ వంటింటి గడప మీద కూర్చొని ఉంది. పొయ్యి వెలిగించలేదు. నా తమ్ముడు దేవేంద్ర షెడ్డుకూ ఇంటికీ మధ్య తిరుగుతున్నాడు.

"సోమవారం దాకా గడువిచ్చినాడు కదన్నా. సోమవారానికి మొలుస్తాయా అంకెలు?"

నేను షెడ్డు వాకిట్లో కూర్చొని పానాలు సంచిలో వేస్తున్నాను.

"ఈడ వాన పడితేనే గడ్డి మొలవదు. ఇత్తడి మీద అంకెలు మొలుస్తాయా అని అడుగుతాండా."

"అరవొద్దురా. ఆమె వింటాంది."

"విననీ. వదిననేమీ అనడం లేదు నేను."

అననే లేదు. ఎవరూ అనలేదు. అదే సువర్ణకు ఎక్కువ బాధగా ఉన్నట్టుంది.

జరిగింది ఇంతే. మా కారు రెండు సీట్ల ఇంగ్లీషు ఎం.జి., పంతొమ్మిది వందల నలభై ఎనిమిది నాటిది. రామగిరి బంగారు గనుల్లో పనిచేసిన ఒక ఇంజనీరు ఊరు విడిచి పోతూ తన డ్రైవరుకు చవకగా అమ్మిపోయాడు. ఆ డ్రైవరే మా నాయన మద్దిలేటి. నా చిన్నప్పుడే ఇంజను పట్టేసి షెడ్డులో పడిపోయిన ఆ బండిని నేను పదకొండేళ్లుగా బాగుచేస్తూ వచ్చాను. బత్తలపల్లెలో బోరు మోటార్లకు వైండింగు చేసే నాకు కార్ల పని ఏం తెలుసు? విప్పుతూ నేర్చుకున్నాను. తలుపుల లోపలి చెక్కను చెదలు తినేస్తే, ధర్మవరంలో మగ్గాలు చేసే వడ్రంగి పాత ముక్కను కొలిచి కొత్తది చెక్కి ఇచ్చాడు. తీగల చక్రాలకు ఒక్కొక్క పుల్లా నేనే బిగించాను. ఉగాదికి ఇంజను పలికింది. యాభై ఏళ్లు దాటిన బండ్లకు ఇచ్చే ప్రత్యేక నంబరుకు అర్జీ పెట్టాను.

ఇన్‌స్పెక్టరు మంచివాడే. ఇంజను నంబరు ఆర్సీతో సరిపోయింది. ఛాసిస్ నంబరు చూపించమన్నాడు. ముందు ఇనుప కమ్మీ మీద కొట్టిన నంబరును ఎప్పుడో తుప్పు తినేసింది. మిగిలింది ఇంజను వెనక రేకుకు రివెట్లు కొట్టిన అగ్గిపెట్టెంత ఇత్తడి పలక. దాని మీద సన్న కాగితం పెట్టి, పెన్సిలు పడుకోబెట్టి రుద్దాడు. కాగితమంతా నల్లబడింది. అంచున ఒక వంకర గీత, చివర సున్నా లాంటి మచ్చ. అంతే.

"ఎవరు దీన్ని ఇంత నున్నగా చేసింది?"

నా వెనక నుంచి సువర్ణ చెప్పింది. "నేనే సార్. ఏటా పండగకు చింతపండు, బూడిద పెట్టి తోముతాను."

ఆయన కొంచెంసేపు ఆమె ముఖం చూశాడు. "ఇది దీపపు సెమ్మె కాదమ్మా" అన్నాడు మెల్లగా. సోమవారం లోపల ఆ పలక మీద ఉన్నది ఆర్సీలోని నంబరే అని చెప్పే పాత ఆధారం ఏదన్నా చూపిస్తే పైకి రాస్తానని, లేకపోతే ఫైలు వెనక్కి పోతుందని చెప్పి జీపు ఎక్కాడు.

"ఉగాదికి ఏమనుకుంటిమి?" దేవేంద్ర నా ముందు నిలబడ్డాడు. "ఈసారి నంబరు వస్తే ఉంచుకుందాం, రాకపోతే అమ్మేద్దాం. నువ్వే అంటివి."

"అంటి."

"షెడ్డు నా వాటాలో ఉండాది. పదకొండేండ్లు నేను నోరెత్తినానా?"

"ఎత్తలేదు."

"పాత కార్లు కొనే ఆ బెంగళూరాయన నంబరు లేకున్నా తీసుకుంటానంటాడు."

"తీసుకొని ఏం చేస్తాడో తెలుసా? చక్రాలు ఒకరికి, ఇంజను ఒకరికి. కోడిని కోసినట్లు కోసి అమ్ముతాడు."

"నంబరు వచ్చినా నువ్వు చేసేదేముంది? పండగకో, ప్రదర్శనకో తప్ప రోడ్డెక్కించేదానికి లేదంట. పెండ్లి చేసుకొని పెండ్లాన్ని అటక మీద దాచుకున్నట్లు."

ఇంకోసారైతే నేను నవ్వేవాణ్ణి. తమ్ముడు చెడ్డవాడు కాదు. వాడి ఇద్దరు బిడ్డలూ ఒక్క గదిలోనే చదువుకుంటున్నారు. షెడ్డు తీసేస్తే ఒక గది లేస్తుంది. నాకు తెలుసు.

సువర్ణ లేచింది. లోపలికి పోయి పూజకు నీళ్లు పెట్టే ఆ ఇత్తడి బిందె తెచ్చి మా ఇద్దరి మధ్య ఠంగుమని పెట్టింది.

"దీన్ని కూడా తోమింది నేనే. ఇరవై తొమ్మిదేండ్లు. మీ అమ్మ నేర్పించినట్లే తోమినా. దీని మీద కూడా పేరుండె. అది కూడా పోయింది. కారుతో పాటు దీన్ని కూడా అమ్మేయండి."

"పేరా? ఏం పేరు?"

"మీ ఇంటి బిందె మీద పేరు నన్నడుగుతావా? నేను కాపురానికొచ్చినప్పుడు అక్షరాలు చేతికి తగుల్తాండె. మీ అమ్మ పేరేమో అనుకొంటి."

మా అమ్మ పేరు ఓబులమ్మ. ఆమె పుట్టింటి నుంచి వచ్చిన బిందె రాగిది. ఈ ఇత్తడి బిందె మా ఇంటికి ఎట్లా వచ్చిందో నేనెప్పుడూ ఆలోచించలేదు. పుట్టినప్పటి నుంచి చూస్తున్న వస్తువును ఎవరు అడుగుతారు, నువ్వు ఎక్కడిదానివి అని?

బిందె భుజం మీద వేలితో తడిమాను. నున్నగా ఉంది. ఇన్‌స్పెక్టరు వదిలిపోయిన సన్న కాగితం, పెన్సిలు బానెట్టు మీదే ఉన్నాయి. ఆయన చేసినట్టే కాగితం పెట్టి, పెన్సిలు పడుకోబెట్టి రుద్దడం మొదలుపెట్టాను.

"ఏం చేస్తాండావన్నా? బిందెకు కూడా నంబరు తీసుకుంటావా?"

నలుపులో తెల్లటి చుక్కలు తేలాయి. పాత్రల మీద సుత్తితో చుక్కలు చుక్కలుగా కొట్టే అక్షరాలు. పలక మీది అంకెల కన్నా లోతుగా దిగాయి కాబట్టి చింతపండు వాటిని పూర్తిగా తినలేకపోయింది. 'హ' వచ్చింది. తర్వాత ఒకటి పోయింది. తర్వాత 'మ', 'క్క'. కింద ఊరి పేరు.

సువర్ణ వంగి కూడబలుక్కొని చదివింది. "హనుమక్క. బండమీదిపల్లె."

"కళ్యాణదుర్గం దగ్గర కదా అది" అన్నాడు దేవేంద్ర. "మనకు ఆడ ఎవరూ లేరే."

కళ్యాణదుర్గం మాకు పడమర.

నేను ఆ కాగితాన్ని పట్టుకొని, ఏటా నీళ్లు పోసే నేల వైపు చూశాను. సువర్ణకు మాత్రం వేరే సంగతి తగిలింది.

"అంటే ఇన్నేండ్లు ఎవరో పరాయి ఆడమనిషి బిందెతో దేవుడికి నీళ్లు పెట్టినామా?"

"తెలీక పెట్టినాం."

"ఇప్పుడు తెలిసింది కదా. పొద్దున్నే పోయి ఇచ్చేసి రా."

"ఏం వదినా!" దేవేంద్ర నుదురు కొట్టుకున్నాడు. "సోమవారానికి మూడు దినాలుండాయి. ఆ సారు కాళ్లు పట్టుకొనేది మాని బిందె మోసుకొని ఊర్లు తిరగమంటావా?"

"కాళ్లు పట్టుకుంటే అంకెలు మొలవవని నువ్వే అంటివి కదరా" అన్నాను.

సువర్ణ పొయ్యి వెలిగించింది.

*

అనంతపురం దాకా ఒక బస్సు, కళ్యాణదుర్గానికి ఇంకొకటి. బిందె ఒళ్లో పెట్టుకున్నాను. కండక్టరు దాన్ని వేలితో మీటి, "దీనికి కూడా కొట్టల్లా టికెట్టు?" అన్నాడు. బస్సంతా నవ్వింది. అక్కడి నుంచి షేరాటో. దారి పొడవునా వేరుశనగ చేలు వాన కోసం నోరు తెరుచుకొని ఉన్నాయి.

హనుమక్క ఉన్నదా, పోయిందా అన్న భయం ఒకటి దారంతా వెంట వచ్చింది. ఉంది. డెబ్బై దాటి ఉండవచ్చు. సన్నగా, నిటారుగా ఉంది. అరుగు మీద కూర్చొని విత్తనానికి వేరుశనక్కాయలు ఒలుస్తోంది. నేను వాకిట్లో నిలబడి నమస్కారం పెట్టాను. ఆమె నన్ను చూడలేదు. బిందెను చూసింది.

"దాని అడుగు చూపియ్యి."

బిందె తిప్పి చూపించాను. అడుగున అరచేతి వెడల్పున సొట్ట.

"మా యమ్మ బావి గట్టు మీద జార్చింది. నాకు సారె పెట్టేటప్పుడు కూడా ఆ సొట్ట చూసి ఏడ్చింది." ఆమె చేతిలోని కాయలు చేటలో వేసింది. "మద్దిలేటి కొడుకువా?"

"అవునమ్మా. రామాంజులు అంటారు. మా నాయన పేరు నీకెట్లా..."

"పేరు తెలుసుకోకుండా పుట్టింటి బిందె ఇచ్చేంత పిచ్చిదాన్నా? కూర్చో."

అరుగు అంచున కూర్చున్నాను. ఆమె తొందరపడకుండా చెప్పింది. ఒలవడం ఆపలేదు.

"నాకు పెండ్లయి రెండేండ్లు. కరువు. గుట్ట కింద బోరింగు ఒక్కటే. పొద్దున పోతే ఒంటిగంటకు ఒక బిందె దొరుకుతాండె. ఆ పొద్దు నేను నీళ్లు దించుకొని నిలబడినా, మీ నాయన బండి వచ్చి ఈ వాకిట్లోనే ఆగిపోయె. ముందర పొగ. కుక్కర్ మాదిరి కూత. కళ్యాణదుర్గంలో ఎవరికో బండి అమ్మేదానికి పోయినాడంట. బేరం కుదర్లేదంట."

"అమ్మేదానికా?"

"అమ్మక ఏం తింటాడు ఆ కరువులో? నీళ్లియ్యి తల్లీ అన్నాడు. ఇచ్చినా. సగం బిందె పోస్తే బుసబుస అని తాగేసె ఆ బండి. మనిషి తాగినట్లు. దావలో ఇంకా కావల్లంటాడు. నాకు దినానికొక్కటే బిందె. మా అత్త లోపల నుంచి అరుస్తాంది. మళ్లీ పక్కింట్లో బదులు తెచ్చి నిండుగా నింపి, బిందెతో సహా ఇచ్చినా. రేపు తెచ్చిస్తా అన్నాడు. ఊరికే ఇస్తానా? ఏమన్నా కుదువ పెట్టు అన్నా."

"ఏం పెట్టినాడు?"

ఆమె వినిపించుకోలేదు. "రేపు రాలేదు. ఎల్లుండి రాలేదు. వారం చూసి మేం బళ్లారికి వలస పోతిమి. మూడేండ్లు. తిరిగొస్తే పక్కింటి బయమ్మ చెప్పె, ఎవరో డ్రైవరు సైకిలు మీద బిందె కట్టుకొని రెండుసార్లు వచ్చి, బీగం చూసి పోయినాడని."

కారు ఇల్లు చేరిన పొద్దే ఇంజను పట్టేసింది. ఆ మాట మా ఇంట్లో అందరికీ తెలుసు. బత్తలపల్లె నుంచి ఇక్కడికి సైకిలు మీద అంటే పోనూ రానూ రెండు రోజులు. ఆయన అట్లా వచ్చిన సంగతి మాత్రం ఎవరికీ తెలియదు.

"అమ్మా, ఒక మాట చెప్తాను. మా నాయన ప్రతి ఆయుధ పూజకూ నీ బిందెలో నుంచి చెంబెడు నీళ్లు పడమరకు తిరిగి నేల మీద పోసేవాడు. ఆయన పోయినాక నేను పోస్తాండా. ఎవరికో తెలీకుండానే."

హనుమక్క మొదటిసారి తల ఎత్తి నా ముఖం చూసింది.

"నేల మీద పోస్తే నాకేమొస్తాది?"

ఒక కోడి వచ్చి చేట అంచున పొడిచింది. ఆమె దాన్ని తోలలేదు.

కొంచెంసేపటికి లేచి లోపలికి పోయింది. ట్రంకు పెట్టె మూత చప్పుడైంది. రేషన్ కార్డు పెట్టుకునే ప్లాస్టిక్ కవరు పట్టుకొని వచ్చింది. అందులో నుంచి నాలుగు మడతల కాగితం తీసి, విప్పి, తన చేతిలోనే ఉంచుకొని చూపించింది.

"బండి ప్రాణం ఈ కాగితంలో ఉండాది, ఇది లేకుండా అమ్మలేను అన్నాడు మీ నాయన. నాకు చదువు రాదు. అబద్ధమో నిజమో."

అది అమ్మకం కోసం రాయించిన ఫారం. మా నాయన వంకర సంతకం. దాని మూలన అతికించిన సన్న కాగితం. దాని మీద పలక నుంచి పెన్సిలుతో రుద్ది తీసిన అచ్చు. నలుపులో తెల్లగా, పలువరస మాదిరి స్పష్టంగా: టీసీ, ఐదు, ఎనిమిది, ఒకటి, సున్నా.

జేబులో నుంచి ఆర్సీ జిరాక్సు తీశాను. టీసీ, ఐదు, ఎనిమిది, ఒకటి, సున్నా. అంతకన్నా ముఖ్యం, అచ్చు అంచున వంకర గీత. గురువారం ఇన్‌స్పెక్టరు కాగితంలో కనిపించిన ఆ గీతే. పలక అదే అని చెప్పడానికి అంతకు మించి ఏం కావాలి? లేక ఆఫీసులో అది చాలదంటారా? మా వంటివాళ్లకు కనిపించింది పైవాళ్లకు కనిపిస్తుందన్న నమ్మకం ఏముంది?

కాగితానికి చెయ్యి చాచాను. ఆమె మడిచి కవరులో పెట్టేసింది.

"బిందె తెచ్చినావు సరే. మీ నాయన ఉత్త బిందె తీసుకపోయినాడా?"

"అవునమ్మా. నిండు బిందె."

"మరి?"

"కొళాయి యాడుండాది?"

"కొళాయికి మూడు దినాలకొకసారి వస్తాయి. ఈ పొద్దు కాదు. క్యాన్ల నీళ్లు నాకొద్దు. నేను తెచ్చిన చోటు నుంచే తే. గుట్ట కింద."

బిందె తీసుకొని నడిచాను. గుట్ట కనిపించినంత దగ్గర కాదు. దారిలో ఫోను మోగింది. దేవేంద్ర. సంగతి చెప్పాను.

"నాయన అమ్మేదానికి పోయినాడా?"

"పోయినాడంట."

"నేనొక్కణ్ణే దుర్మార్గుణ్ణి అనుకొంటినే." అన్నాడు వాడు. "ముందు ఆ కాగితం ఫోటో తీసి పంపన్నా. ముసలామె మనసు మారితే?"

"నీళ్లు తెచ్చినాక."

"సోమవారం ఆ సారు దీన్ని ఒప్పుకుంటాడంటావా?"

"తెలీదురా."

"ఒప్పుకోకపోతే నా మాట నా మాటే."

"నీ మాట నీ మాటే. నేను కాదన్లేదు."

బోరింగు పిడి ముప్పై సార్లు కొడితే గాని తడి రాలేదు. బిందె నిండేసరికి నా చొక్కా తడిసింది, నీళ్లతో కాదు. ఆడవాళ్ల మాదిరి నడుమున పెట్టుకోవడం నాకు రాదు. భుజానికెత్తుకున్నాను. చేనులో కలుపు తీస్తున్న ఒకామె నడుం లేపి చూసి, "ఏమన్నా, పెండ్లాం తరిమేసిందా?" అని అరిచింది. "తరిమే ఇక్కడికి పంపింది" అన్నాను. వాళ్లంతా నవ్వుతుంటే నాకూ నవ్వు వచ్చింది, అడుగు తడబడింది, నీళ్లు మెడ మీదుగా వీపులోకి జారాయి.

వాకిట్లో దించేసరికి పొద్దు పడమరకు వాలింది. హనుమక్క లేచి వచ్చి బిందెలోకి తొంగి చూసింది. రెండు వేళ్లు పెట్టి కొలిచింది.

"రెండు వేళ్లు తక్కువుంది."

"దావలో ఒలికినాయమ్మా. మళ్లీ పోయొస్తా."

ఆమె నా తడిసిన వీపు చూసింది. ఎండలోకి, గుట్ట వైపు చూసింది.

"వద్దులే. మీ నాయన బండికి పోసేటప్పుడు కూడా అంత కింద పోసినాడు."

చీర కొంగు దోపుకొని వంగింది. నేను సాయం పట్టబోతే మోచేత్తో పక్కకు తోసింది. ఒక్క ఊపున బిందెను నడుముకెత్తుకొని, ఆ సొట్ట తుంటికి తగిలేట్టు సర్దుకొని, లోపలికి నడిచింది. గడప దగ్గర ఒక్క చుక్క కూడా ఒలకలేదు.

తిరిగి వచ్చినప్పుడు ఒక చేతిలో ప్లాస్టిక్ కవరు, ఇంకో చేతిలో చెంబు ఉన్నాయి. కవరు నా చేతిలో పెట్టింది. తర్వాత చెంబు.

నేను పడమరకు ముఖం పెట్టి నిలబడి ఉన్నాను. ఎండ కళ్లలోకి కొడుతోంది. చేతిలో నిండు చెంబు. అలవాటున ముందుకు వంచబోయాను.

"ఏయ్, యాడ పోస్తావు? తాగు" అంది హనుమక్క.

తాగాను.